ఆకు బొమ్మ వేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య వార్తల్లో ‘గ్రీన్‌వాషింగ్’ అనే మాట తరచూ కనిపిస్తోంది. మా ఇంట్లో చదువుకున్నవాళ్లే అదేదో మొక్కలు నాటే, వీధులు ఊడ్చే కార్యక్రమం అనుకున్నారు. అసలు అర్థం దానికి పూర్తిగా వ్యతిరేకం: పర్యావరణానికి మేలు చేయకుండానే చేస్తున్నట్టు చెప్పుకోవడం.

ఈ మాటను 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవాది వాడుకలోకి తెచ్చారు. అంతకు కొన్నేళ్ల ముందు ఫిజీలోని ఓ రిసార్టులో ఆయన ఒక కార్డు చూశారు. సముద్రాన్ని, పగడపు దిబ్బల్ని కాపాడాలంటే వాడిన తువాలే మళ్లీ వాడండి అని అందులో ఉంది. ఆ రిసార్టేమో అక్కడే కొత్త కట్టడాలు లేపుతోంది! తప్పులు కప్పిపుచ్చడాన్ని ఇంగ్లిష్‌లో ‘వైట్‌వాష్’, అంటే వెల్ల వేయడం అంటారు. ఆ వెల్ల కాస్తా ఇక్కడ పచ్చరంగు అయింది. మనకు మసిపూసి మారేడుకాయ చేయడం అన్న మాట ఉండనే ఉంది. వార్త రాసేటప్పుడు పక్కన ఆ ముక్క కూడా వేస్తే అందరికీ అర్థమవుతుంది.

మొన్న వేసవిలో ఓ దుకాణంలో 5 రూపాయలు తీసుకుని పచ్చ సంచీ ఇచ్చారు. దానిమీద ఆకు బొమ్మ, ‘మట్టిలో కలిసిపోతుంది’ అన్న రాత ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు మాత్రం లేదు. తొలకరికి పూలకుండీలో పాతిపెట్టాను. దీపావళికి మట్టి మారుస్తుంటే బయటపడింది. కడిగితే ఆకు ఈనెలు కూడా చెక్కుచెదరలేదు. నిజమైన కంపోస్టబుల్ (కుళ్లి ఎరువుగా మారే) సంచీకైనా కంపోస్టు ప్లాంటులో ఉండేంత వేడి కావాల్సి రావచ్చు, కుండీలో కలవకపోవచ్చు. మరి ఆ సంగతి సంచీ మీదే రాయాలి కదా!

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’ అని ఊరికే రాసుకోకూడదు, ఆధారం చూపాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ఫిర్యాదుకు 1915కి ఫోన్ చేయొచ్చు. ఈ నంబరు మా వీధిలో నలుగురిని అడిగితే ఒక్కరికీ తెలియలేదు. దయచేసి దీన్ని మీ పత్రికలో తరచూ వేయండి. మీకు వచ్చే ప్రకటనల్లో ఆకు బొమ్మ కనిపిస్తే ఆధారం అడిగాకే అచ్చువేయండి.

— ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం