చదవడమా, అప్పజెప్పడమా?

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక తరగతుల పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం మార్కుల దగ్గరే ఆగిపోతున్నాం. పాఠాన్ని గడగడా చదివే పిల్లవాడు నిజంగా చదువుతున్నాడో, కంఠతా పట్టింది అప్పజెబుతున్నాడో తెలియాలంటే వాక్యం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగితే చాలు. కొందరు మళ్లీ మొదటి నుంచి అందుకుంటే తప్ప ఆ మాట చెప్పలేరు. గుణింతాలను, వత్తులను పోల్చుకోవడంలోనే వారి శ్రద్ధంతా ఖర్చయిపోయి అర్థం మీదికి మనసు పోదు కనుక, మరిన్ని పాఠాలు రుద్దడం కన్నా తేలికైన చిన్న కథలను రోజూ కాసేపు పక్కన కూర్చుని పైకి చదివించడం మేలు.

లెక్కల్లోనూ ఇదే తంతు. 52లో నుంచి 38 తీసివేయమంటే 26 అని రాసే పిల్లలు తరచూ కనిపిస్తారు. అజాగ్రత్త అని గదమాయిస్తాం గానీ, ఒకట్ల స్థానంలో 2లో నుంచి 8 పోదు కనుక వారు 8లో నుంచే 2 తీసేశారు. ఎర్రసిరాతో కొట్టేసి 14 అని రాసినంత మాత్రాన ఆ పొరపాటు పోదు. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, అందులో ఒక కట్ట విప్పిస్తే అప్పు తెచ్చుకోవడం ఏమిటో వారికే తెలుస్తుంది. (ఎక్కాలు వద్దని నా ఉద్దేశం కాదు, అవీ నోటికి రావలసిందే.)

తల్లిదండ్రుల సమావేశాల్లో ప్రగతి పత్రం చేతికివ్వడంతో సరిపెట్టకుండా, పిల్లలు ఏ అక్షరం దగ్గర తడబడుతున్నారో, లెక్కలో ఏ మెట్టు దగ్గర తప్పుతున్నారో ఉపాధ్యాయులు వివరించేందుకు తగిన సమయం కేటాయించాలని విద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు