మంచం పట్టినవారికీ నర్సు రావాల్సిన తేదీలు ఖరారు చేయండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నర్సు పేదల ఇళ్లకు వెళ్లే పద్ధతి 1859లో లివర్‌పూల్‌లో మొదలైంది. విలియం రాత్‌బోన్ అనే వర్తకుడు, తన భార్యకు ఆఖరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్‌కే జీతమిచ్చి ఆ పని అప్పగించాడు. తర్వాత ఊరిని పేటలుగా పంచి నర్సులను పెట్టారు. ఆస్పత్రికి కాక పేటకు బాధ్యురాలైన నర్సు. అసలు కిటుకు అదే.

మన దగ్గర 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ఆస్పత్రిలో కాన్పయిన బాలింత ఇంటికి ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనకూ ఇలాంటి తేదీలే కావాలి.

ఎందుకంటే, ఇంట్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది యూరిన్ పైపు. లాటెక్స్‌దైతే రెండు నుంచి నాలుగు వారాల్లో, పూర్తి సిలికాన్‌దైతే 12 వారాల్లోపు మార్చాలి. ఏ రకం, ఏ సైజు, ఏ రోజు వేశారు, పైపు జారిపోకుండా మూత్రాశయంలో పట్టి ఉంచే బెలూన్‌లో ఎన్ని మి.లీ. నీళ్లున్నాయి అన్నది డిశ్చార్జి కాగితం మీద లేకపోతే వచ్చిన నర్సు ఊహించుకోవాల్సిందే. బెలూన్‌లో స్టెరైల్ నీళ్లకు బదులు సెలైన్ నింపితే ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బెలూన్ ఖాళీ కాకపోవచ్చు. కొత్త పైపులో మూత్రం కనబడకముందే బెలూన్ ఉబ్బిస్తే మూత్రనాళం చిరిగి రక్తం రావచ్చు. మూత్రం సంచిని మంచం మీద పెడితే మూత్రం వెనక్కి మళ్లి ఇన్‌ఫెక్షన్‌కు దారి తీస్తుంది. చుట్టాలు చేసే పొరపాట్లలో ఇదే మొదటిది.

ఇన్సులిన్ సంగతీ అంతే. ఎర్ర మూత సిరంజి మి.లీ.కు 40 యూనిట్లుండే సీసాకు, నారింజ మూతది మి.లీ.కు 100 యూనిట్లుండే సీసాకు. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో ఎక్కిస్తే రెండున్నర రెట్ల మోతాదు లోపలికి పోతుంది.

మేము అడిగేవి పెద్దవి కావు. డిశ్చార్జి అయిన రోజే ఆ కాగితం నకలు రోగి ఉండే బస్తీ దవాఖానాకు చేరాలి. 48 గంటల్లో మొదటిసారి నర్సు ఇంటికి వెళ్లాలి. ఓపీ చూసే నర్సునే పంపితే దవాఖానాలో సూది వేసేవాళ్లుండరు, కాబట్టి ఇళ్లకు వేరే పోస్టు. ఆ నర్సు చేతి సంచిలో 14, 16 సైజు యూరిన్ పైపులు, స్టెరైల్ నీళ్లు, 10 మి.లీ. సిరంజిలు, గ్లూకోమీటర్, బీపీ మిషన్, పుండ్లకు డ్రెస్సింగ్ సామాను. దానితోపాటు ఆటో కిరాయి. ఇది అడిగితే అధికారులు నవ్వుతారు గానీ, రోజుకు ఆరిళ్లు తిరిగే మనిషికి అదే ముందు కావాలి.

ఇట్లు,
హైదరాబాద్‌లో ఇళ్ల వద్ద సేవలందించే నర్సులం