ఎండాకాలం జాగ్రత్తల్లో కంప్యూటర్ని మర్చిపోయారు సార్

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఎండాకాలం జాగ్రత్తలని ఫుల్ పేజీ వేశారు, చదివాను, బాగుంది. మజ్జిగ తాగమన్నారు, పిట్టలకి నీళ్లు పెట్టమన్నారు, ఏసీ సర్వీసింగ్ చెప్పారు, బండి టైర్లో గాలి గురించి చెప్పారు, ఆఖరికి ఫ్రిజ్‌ గోడకి ఎంత దూరంలో ఉండాలో కూడా రాశారు. కంప్యూటర్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మాలాంటోళ్లకి తిండి పెట్టేది అదే కదండీ. మాది పిడుగురాళ్ల, డీటీపీ సెంటరు, పెళ్లికార్డులు ఫ్లెక్సీలు పాస్‌పోర్టు ఫొటోలు, అన్నీ ఒక్క సిస్టమ్ మీదే.

పోయిన మేలో ఏమైందో చెప్తా. ఫ్లెక్సీ డిజైన్ చేస్తా ఉంటే ఇరవై నిమిషాలకోసారి సిస్టమ్ టప్పున ఆగిపోయేది, ఎర్రర్ లేదు ఏమీ లేదు, ఆగిపోవడమే. కరెంటేమో అనుకుని యూపీఎస్ మార్చా, ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టా (మనోళ్ల మొదటి వైద్యం అదే కదా), లాభం లేదు. పక్క టౌన్లో ఒక సర్వీసు షాపుకి పట్టుకెళ్లా, పేరొద్దులెండి. ఆయన క్యాబినెట్ మూత సరిగ్గా తియ్యకుండానే "బోర్డు పోయిందన్నా, ప్రాసెసర్ కూడా డౌటే, 14 వేలవుద్ది, దానికంటే కొత్తది తీసుకో" అన్నాడు. పెళ్లిళ్ల సీజన్లో సిస్టమ్ లేకపోతే నా గతేంటో ఆయనకి తెలుసు, అందుకే అంత ధైర్యం.

డబ్బుల్లేక వెనక్కి తెచ్చా, అదే మంచిదైంది. మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, వాడొచ్చి ముందు బయాస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్ అండి) పోయి టెంపరేచర్ చూశాడు. సిస్టమ్ ఆన్ చెయ్యగానే డిలీట్ కీ నొక్కుతా ఉంటే వస్తది, కొన్నింటికి ఎఫ్2, దీనికి మెకానిక్ అక్కర్లేదు. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్న ప్రాసెసర్ 91 డిగ్రీలు చూపించింది! "మావయ్యా, బోర్డుకేం కాలేదు, దీనికి జ్వరం" అన్నాడు. మాది 2015లో కొన్న ఇంటెల్ ఐ5, నాలుగో జనరేషన్. అది 100 డిగ్రీల దగ్గరికొస్తే తనంతట తనే స్పీడు తగ్గించుకుంటదంట, ఇంకా పైకెక్కితే కాలిపోకుండా ఆఫ్ అయిపోద్దంట. అంటే నా సిస్టమ్ ఆగిపోయింది పాడై కాదు, పాడవకూడదని.

ఫ్యాను, దాని కింద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాక్కునే రేకుల దిమ్మ) ఊడదీశాం. మాది సున్నం బట్టీల ఊరు, ఆ తెల్ల దుమ్ము హీట్‌సింక్ రేకుల మధ్యన దూది కూరినట్టు కూరుకుపోయింది. అది సరే, ప్రాసెసర్ మీద ఉండాల్సిన థర్మల్ పేస్టు చూడాలి సార్, పాత గోడ సున్నం పెచ్చులూడినట్టు ఎండిపోయి గోరుతో గీకితే పొడి రాలింది. దానికి తోడు హీట్‌సింక్‌ని బోర్డుకి పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి పైకి లేచి ఉంది.

ఈ పేస్టు ఎందుకంటే, ప్రాసెసర్ పైమూత, హీట్‌సింక్ అడుగు రెండూ కంటికి అద్దంలాగా ఉన్నా సన్నటి గీతలు గుంటలు ఉంటాయి, రెంటినీ ఎంత నొక్కినా మధ్యలో గాలి చిక్కుకుపోద్ది. గాలి వేడిని మొయ్యదు, దానికంటే రాగి దాదాపు 15 వేల రెట్లు బాగా మోస్తది. ఆ గుంటల్లో గాలిని తోసేసి నిండటమే పేస్టు పని. కానీ మంచి పేస్టు కూడా రాగితో పోలిస్తే సుమారు 50వ వంతే, అందుకే మందంగా పూస్తే అదే అడ్డం. ఇది నాకు ముందు తెలీదు. మా నాయనమ్మ తమలపాకుకి సున్నం చిటికెన వేలు కొసతో ఎంత రాసేదో అంతే రాయాలి, ఎక్కువైతే నోరు పొక్కుద్ది.

నా ఘనకార్యం కూడా చెప్పాలి. మేనల్లుడు పేస్టు తేవడానికి నరసరావుపేట పోతే వాడొచ్చేదాకా ఆగలేక, యూట్యూబ్‌లో చూసి పళ్ల పేస్టు పూశా. నిజం చెప్తున్నా, మూడు రోజులు బ్రహ్మాండంగా పని చేసింది, వాణ్ని ఎగతాళి కూడా చేశా. నాలుగో రోజు మళ్లీ టప్పున ఆగింది. అందులో నీళ్లుంటాయిగా, ఆ వేడికి ఆరిపోయి గట్టి పెచ్చైంది. అప్పుడు అసలు పేస్టు, 4 గ్రాముల ట్యూబు, 400 చిల్లర, అదీ నేనే పూస్తానని మొండికేసి ఇడ్లీ మీద చట్నీలాగా పోశా, నాలుగు పక్కలా కారింది. మూడోసారి వాడు చేశాడు. మొబైల్ రిపేర్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాతదంతా పీచు రాలని గుడ్డతో తుడిచి, మధ్యలో బఠానీ గింజకంటే చిన్న చుక్క ఒకటి పెట్టి, హీట్‌సింక్ నిలువుగా దించి పిన్నులు ఎదురెదురుగా ఒకటి మార్చి ఒకటి నొక్కాడు. చుక్క తనే పరుచుకుంటది, వేలితో పూయక్కర్లేదు. ఇప్పుడు ఊరికే ఉంటే 48, ఫ్లెక్సీ పనిలో 75 దాటట్లా.

ఏఎమ్‌డీ రైజెన్ వాడేవాళ్లు కొంచెం జాగ్రత్త. ఏఎమ్4 అనే సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పెట్టే వాటికి కాళ్లు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్టు బంకలాగా పట్టుకుని కూలర్ (హీట్‌సింక్, ఫ్యాను కలిపి) లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి కాళ్లు వంగుతాయి. మా పక్క ఫొటో స్టూడియో ఆయనకి అలాగే అయింది. ముందు సిస్టమ్ ఒక పది నిమిషాలు నడిపి వెచ్చబెట్టి, ఆఫ్ చేసి ప్లగ్గు పీకి, కూలర్ని అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు లేపాలి. కొత్త కూలర్ కొంటే అడుగున ప్లాస్టిక్ కాగితం ఉంటది, అది పీకడం మర్చిపోయే మహానుభావులు చాలామంది ఉన్నారు. పేస్టు బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ (నీళ్లలాంటి లోహం) జోలికి మాత్రం పోవద్దు, అది అల్యూమినియంని తినేస్తది, కరెంటు కూడా పాస్ చేస్తది.

నేనడిగేది రెండే సార్. సర్వీసు షాపులోళ్లు బోర్డు పోయిందని చెప్పేముందు బయాస్‌లో టెంపరేచర్ కస్టమర్‌కి చూపించాలి, ఒక్క నిమిషం పని, ఈ మాట మీలాంటి పేపర్లో వస్తే కస్టమర్లే అడుగుతారు. రెండోది, వచ్చే ఏడు ఆ ఎండాకాలం పేజీలో ఫ్రిజ్ పక్కన మూడు లైన్లు దీనికివ్వండి. గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ దగ్గర దగ్గర అంతే పెరుగుద్ది, పల్నాడు ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా.

నా ట్యూబులో ఇంకా సగం పైన ఉంది. మా ఊళ్లో ఎవరికైనా చుక్క కావాలంటే రావచ్చు, డబ్బులేం వద్దు, ఫ్యాను దుమ్ము మాత్రం ఇంటి దగ్గరే దులుపుకుని తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక డీటీపీ సెంటర్ ఆయన,
పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా