లెక్కపెట్టలేదన్నాను, నాయనా

ఇంగ్లండ్,
మే 11, ఆదివారం

నాయనకు,

నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగుండాము. నువ్వు, అమ్మ బాగుండారని తలుస్తాను.

ఫోను ఉండంగా ఈ ఉత్తరమేంది అనుకుంటావు. ఫోనులో అయితే అమ్మ స్పీకరు పెడుతుంది. మాట్లాడతా ఉంటే పక్కింటి అత్త వచ్చి "పాపేనా?" అని కూర్చుంటుంది. ఇంకోటి, నువ్వు అవతల "ఊఁ" అని ఊరుకుంటావే, అది వింటే నేను చెప్పాల్సింది మింగేస్తాను. ఆరు వారాలుగా మింగుతానే ఉండాను. ఈ కాగితాలు ఫోటో తీసి తమ్ముడికి పంపిస్తా ఉండాను. వాడి ఆఫీసులోనే ప్రింటు తీయమన్నాను. కొర్లగుంటలో జిరాక్సు అంగడికి పోతే ఊరంతా చదువుతుంది.

నన్ను పనిలోనుంచి సస్పెండ్ చేసినారు నాయనా. మార్చి ఆఖరు వారంలో. తీసేయలేదు, సస్పెన్షనే. ఆ రెండిటికీ తేడా మనింట్లో ఎవరికీ చెప్పక్కరలేదు గదా.

జరిగింది చెప్తాను. మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందులు ఇక్కడ తాళమేసిన బీరువాలో పెడతారు. ప్రతి చుక్కకీ రిజిస్టరులో లెక్క ఉండాల. మందు తీసిన నర్సుది ఒక సంతకం, పక్కనుండి చూసిన నర్సుది ఇంకో సంతకం. ఒక ఆంపుల్‌లో, అంటే చిన్న గాజు బుడ్డిలో, 10 మిల్లీగ్రాములు ఉంటుంది. డాక్టరు 5 రాసింటే, మిగిలిన 5 రెండో నర్సు కళ్లెదురుగా పారబోయాల. ఆ రాత్రి నాతో డ్యూటీలో ఉన్నామె రిజిస్టరు తెచ్చి, "పారబోసినాను, సంతకం పెట్టవా" అనింది. అప్పుడే రెండు బెడ్ల నుంచి బెల్లు మోగతా ఉండాయి, ఒక ముసలాయన మంచం దిగబోతా ఉండాడు. నేను నిలబడే గీకి పారేసినాను. చూడలేదు. ఒక్కసారి కాదు, మూడు రాత్రుల్లో మూడు సార్లు.

తర్వాత తనిఖీలో ఆమె పేరు మీద పారబోతలు మరీ ఎక్కువగా ఉండాయని తేలింది. వాటిలో మూడింటి పక్కన నా సంతకం. ఇద్దరినీ ఇంటికి పంపినారు. ఆమె ఏం చేసిందో, అసలేమన్నా చేసిందో లేదో నాకు తెలీదు, తెలుసుకునే వీల్లేదు కూడా.

ఒక్క చుక్క మందుకు ఇంత రచ్చా అని అమ్మ అంటుంది. ఈ దేశంలో షిప్‌మన్ అని ఒక డాక్టరు ఉండేవాడు. ఇదే జాతి మందుతో తన దగ్గరికి వచ్చే రోగులను చంపినాడు. 15 హత్యలకు 2000లో యావజ్జీవం పడింది. దాని మీద పెద్ద విచారణ జరిగి, 2006లో చట్టం మార్చి, ఈ మందులకు జవాబుదారీగా ప్రత్యేకంగా అధికారులను పెట్టినారు. కాబట్టి రిజిస్టరులో రెండో సంతకమనేది ఉత్త గీత కాదు. అది నాకు తెలీక కాదు. కొత్తగా వచ్చిన పిల్లలకు నేనే నేర్పించేదాన్ని.

పిలిచిన రోజు పదిహేను నిమిషాల్లో అంతా అయిపోయింది. మేనేజరు, హెచ్ఆర్ నుంచి ఒకామె. బ్యాడ్జి ఇచ్చేయమన్నారు. లాకరులోని చెప్పులు, టిఫిను డబ్బా, నువ్వు పోయినసారి ఇచ్చిన గోవిందరాజస్వామి పటం ఒక కవరులో వేసుకున్నాను. మేనేజరు వాకిలిదాకా వచ్చింది, మర్యాదకో కాపలాకో తెలీలేదు. చేతికిచ్చిన కాగితంలో "ఇది శిక్ష కాదు" అని రాసుండాది. పూర్తి జీతం వస్తుంది. కానీ ఆసుపత్రి గడప తొక్కకూడదు, తోటివాళ్లతో ఈ సంగతి మాట్లాడకూడదు, డ్యూటీ వేళల్లో పిలిస్తే పలకాల, ఊరు దాటేటట్టయితే ముందుగా చెప్పాల.

ఊరు దాటే మాట చదివి బస్సులో నాకు నవ్వొచ్చింది నాయనా. పక్కనున్నామె తిరిగి చూసింది.

నీకు గుర్తుండాదా? 2002, నేను పదో తరగతి, నువ్వు సస్పెన్షన్‌లో ఉండావు. చిన్నమామ పెండ్లి కుప్పంలో. పర్మిషన్ లేకుండా హెడ్‌క్వార్టర్స్ దాటకూడదని నువ్వు కాగితం పెట్టుకున్నావు, అది పెండ్లి అయిపోయిన మూడో రోజు వచ్చింది. అప్పుడు అవ్వ వీధిలో అందరికీ ఏం చెప్పింది? "గంగమ్మకు చాటింపు వేసినారు గదమ్మా, పొలిమేర దాటకూడదు, అందుకే మావోడు పోలేదు." చాటింపుకు ఇంకా నెల ఉండాది అప్పటికి! అయినా ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఈపాటికి అక్కడ నిజంగానే చాటింపు అయ్యుంటుంది. తాతయ్యగుంట దగ్గర జాతర జనం, బైరాగి వేషాలు, అమ్మవారికి మొక్కుగా తిట్టే బండబూతులు. నాకూ ఇక్కడ ఒక వారం బైరాగి వేషం కట్టుకుని, నోటికొచ్చినట్టు తిట్టి, మల్లా ఏమీ జరగనట్టు డ్యూటీకి పోవాలని ఉండాది. ఇక్కడోళ్లకు అట్లాంటి ఏర్పాటు లేదు పాపం, అన్నీ ఈమెయిల్లో తిట్టుకుంటారు.

ఆరు వారాలు ఎట్లా గడిచినాయంటే, మొదటి వారం ఏమీ చేయలేదు. తెల్లారి అయిదున్నరకు మెలకువ వచ్చేది, డ్యూటీ లేదని గుర్తొచ్చేది, ఇంక నిద్ర పట్టేది కాదు. వార్డు వాట్సాప్ గ్రూపులోనుంచి తీసేసినారు. చిన్న సంగతే, కానీ బ్యాడ్జి ఇచ్చినప్పటికంటే అప్పుడే ఎక్కువ ఏడ్చినాను. పనిలేక వంటిల్లంతా కడిగినాను. కడిగిందే మల్లా కడిగినాను. ఆయన ఏమీ అనలేదు, సబ్బు తెచ్చిపెట్టినాడు. పిల్లోడికి సెలవు పెట్టినానని చెప్పినాము. వాడు బడిలో "మా అమ్మకు రోజూ సెలవే" అని చెప్పి వచ్చినాడు.

రెండో వారంలో ఎవరో వాకిట్లో చేపల పులుసు డబ్బా పెట్టి, బెల్లు కొట్టకుండా పోయినారు. కొబ్బరిపాల వాసన. ఎవరని నేను అడగలేదు, ఇక్కడ రాయను కూడా. డబ్బా కడిగి, అమ్మ పంపిన నిప్పట్లు వేసి అదే చోట పెట్టినాను. మర్నాడు లేదు.

యూనియన్ లేకపోయుంటే నా గతేమయ్యేదో. చేరినప్పుడు నెలనెలా ఈ చందా దండగ అని ఆయనతో పోట్లాడినాను. ఇప్పుడు వాళ్ల తరపున ఒకామె నాకు తోడు వస్తుంది, ముప్పై ఏండ్లు నర్సుగా చేసి మానేసినామె. క్రమశిక్షణ విచారణకు పిలిస్తే యూనియన్ మనిషినో తోటి ఉద్యోగినో వెంట తీసుకుపోయే హక్కు ఇక్కడ 1999 చట్టంలోనే ఉండాది. ఆమె మొదటిరోజే ఒక నోటు పుస్తకం కొనమనింది. ఆ మూడు రాత్రులూ ఎన్ని బెడ్లు, ఎందరు నర్సులు, ఎవరు బ్రేకుకు పోయినారు, అన్నీ రాయమనింది. గుర్తులేనిదాన్ని గుర్తులేదనే రాయాల, ఊహించి పూడ్చకూడదు అనింది. నిద్ర లేదంటే డాక్టరు దగ్గరికి పొమ్మనింది. నేను "నాకేం రోగం" అన్నాను. మూడో వారానికి పోయినాను. రోజూ పదిగంటలకు ఇక్కడి లైబ్రరీకి పోయి, కిటికీ పక్కన కూర్చుని ఒక గంట రాసుకుని వస్తాను. ఆ గంట అయినాక పుస్తకం మూసేస్తాను, ఇంట్లో తెరవను. ఈ నియమం నేను పెట్టుకున్నదే. అది పెట్టుకున్నాకే అన్నం రోంత ఒంటబట్టింది.

నువ్వు గూడా నెలకొక కాగితం రాసేవాడివి గదా. సగం జీతం రావాలంటే, వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయడంలేదని నీ చేత్తో రాసి సంతకం పెట్టివ్వాల. నువ్వు వరండాలో కూర్చుని ఆ కాగితం రాస్తా ఉంటే లోపల అమ్మ మురుకులు కాలుస్తా ఉండేది, అంగట్లకు వేయడానికి. నూనె వాసన నీ కాగితానికి పట్టేది. నాకు అప్పుడు సిగ్గుగా ఉండేది. రాసినందుకు నీ మీద, కాల్చినందుకు అమ్మ మీద.

ఇప్పుడు అసలు సంగతి.

విచారణాధికారి ముందర పోయిన బుధవారం కూర్చున్నాను. దానికి ముందు రెండు రాత్రులు కండ్లు మూయలేదు. మనోళ్లలోనే ఒకాయన, మంచికే చెప్పినాడు, "చూసినానని చెప్పమ్మా, చూడలేదని ఎవరు రుజువు చేస్తారు? సీసీ కెమెరా కూడా లేదాయె" అన్నాడు. నిజమే. ఎవరూ రుజువు చేయలేరు. ఒక్క మాట చాలు.

నీ విచారణలో గూడా ఒక్క మాటే గదా నాయనా. సిమెంటు బస్తాలు అందినట్టు రిజిస్టరులో నీ సంతకం. నలభై తక్కువ. పైఆఫీసరు పెట్టమన్నాడు, పెట్టినావు. వాళ్లు "లెక్కపెట్టినావా?" అని అడిగితే, నువ్వు "లెక్కపెట్టలేదు" అన్నావు. దానికి ఒక ఇంక్రిమెంటు పోయింది. దొంగతనం నీ మీద రుజువు కాలేదు, ఆ సంతకం తప్పు మటుకు నీదే అయింది. "లెక్కపెట్టినాను, తర్వాత ఎవరో ఎత్తుకుపోయినారు అని ఒక్క మాట అనుంటే పోయేది గదా" అని అమ్మ ఎన్నేండ్లు సణిగింది! నేను అమ్మ పక్కనే ఉన్నాను. అంతకంటే ఘోరం ఇంకొకటుండాది, ఈరోజు దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదంతా, నువ్వు నిజంగానే ఆ బస్తాలు అమ్ముకున్నావేమో అని నాకు అనుమానం ఉండేది. మన వంటింటి గచ్చు ఆ ముందేడే వేయించినావు. ఆ గచ్చు చూసినప్పుడల్లా అనుకునేదాన్ని. పదిహేనేండ్ల పిల్లను. సంతకం పెట్టినవాడు తీసుకోకుండా ఉంటాడా అని లెక్క కట్టినాను.

విచారణాధికారి మొదట "ఇది మీ సంతకమేనా?" అనింది. అవునన్నాను. "పారబోస్తా ఉంటే చూసినారా?" అనింది.

చూడలేదు అన్నాను. మూడుసార్లూ చూడలేదు అన్నాను.

యూనియన్ ఆమె బల్లకింద నా మోచేయి ఒక్కసారి తట్టింది. విచారణాధికారి రాసుకుంటా పోయింది. ఆ గదిలో రోంతసేపు పెన్ను చప్పుడే వినపడింది. నాకేమీ తేలిగ్గా అనిపించలేదు, ఆ మాట చెప్పకుండా ఉండలేను. కడుపులో ఇంకా అట్లనే ఉండాది. వంటింటి గచ్చు మటుకు కండ్ల ముందర కనపడింది.

ఈ నెల 22న హియరింగు. ఏం జరగొచ్చో దాచకుండా చెప్తాను. రాతపూర్వక హెచ్చరికతో వదిలేయొచ్చు, యూనియన్ ఆమె అదే అనుకుంటా ఉండాది. లేదంటే ఉద్యోగమే పోవచ్చు. పోతే, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కు గూడా కాగితం పోవచ్చు. వీసా ఆసుపత్రి పేరు మీద ఉండాది కాబట్టి, మామూలుగా 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాల, లేకుంటే తిరిగి రావాల. సస్పెన్షన్‌లో జీతం వస్తా ఉండాది కాబట్టి ఇప్పటికి వీసాకు ఇబ్బంది లేదు. పోయిన నెల డబ్బు తక్కువ పంపినానని అమ్మ అడిగింది గదా, అది బ్యాంకు షిఫ్టులు లేక. బ్యాంకు షిఫ్టంటే బ్యాంకులో పని కాదు, అదనపు డ్యూటీని ఇక్కడ అట్లా అంటారు. జీతం ఆగిపోయిందని కాదు. అమ్మ ఆ మురుకుల బాణలి మల్లా దించకుండా చూడు.

ఇంకో సంగతి. ఇది చదివినాక నువ్వు అలిపిరి మెట్లెక్కతానని మొక్కుకుంటావు, నాకు తెలుసు. 3,550 మెట్లు నాయనా, నీ మోకాళ్లతో వద్దు. ఎవరన్నా మొక్కుకోవాలంటే నేను మొక్కుకుంటాను, ఎక్కేది నేనే గదా. ఉద్యోగం ఉన్నా పోయినా వచ్చే ఏడు వస్తాను.

పెద్దత్తకు చెప్పొద్దు. అడిగితే చాటింపు అని చెప్పు.

22న నేను చేసేదాకా ఫోను చేయొద్దు. ఇక్కడ పొద్దున పదికి మొదలు, అంటే మీకు మధ్యాహ్నం రెండున్నర. ఎంతసేపు పడుతుందో చెప్పలేము. నేను చేసినప్పుడు మటుకు అమ్మకు స్పీకరు పెట్టనీకుండా, నువ్వు మేడ మీదికి పోయి మాట్లాడు. గచ్చు సంగతికి నువ్వేమంటావో నాకు అప్పుడు చెప్పు. తిట్టినా సరే, "ఊఁ" అని మటుకు ఊరుకోవద్దు.

మీ పాప