పేరు తెలియని ఆ ఇంటర్‌ప్రెటర్ గారికి

ఈ పోస్టు ఆవిడ కంట పడుతుందో లేదో తెలియదు. నిన్న డాలస్‌లో మా అమ్మ కౌన్సెలింగ్‌కి ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా కలిసినావిడకి వెయ్యి దండాలు. వాళ్ళు పేరు చెప్పరు, ఐడీ నంబరే చెప్తారు. అదీ టెన్షన్లో రాసుకోలేదు.

నాన్న పోయాక అమ్మని ఇక్కడికి తెచ్చుకున్నాం. తిండీ నిద్రా లేవు. నిన్న కౌన్సెలర్ "మీ భర్త గొంతు వినిపిస్తుందా?" అని అడిగింది. "ఆ, రోజూ మాట్లాడతారు" అంది అమ్మ. కౌన్సెలర్ గబగబా టైప్ చేయడం మొదలెట్టింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అప్పుడు ఇంటర్‌ప్రెటర్ గారు ఇద్దర్నీ అడిగి, ఇది నా మాటగా చెప్తున్నానంటూ, తెలుగిళ్ళల్లో పోయినవాళ్ళ ఫొటోతో మాట్లాడటం మామూలేనని, మిగతాది అమ్మనే అడగమని రెండు ముక్కల్లో చెప్పారు. కౌన్సెలర్ కీబోర్డు మీంచి చేతులు తీసి "ఏమంటారు ఆయన?" అంది.

"బీపీ మాత్ర వేసుకున్నావా అంటారు" అంటూనే అమ్మ భోరుమంది. ఇక ఆగలేదు. తమ్ముడు తెనాలిలో మాసికాలు పెడుతుంటే తను వీడియో కాల్‌లో చూడాల్సొస్తోందట. నాతో ఎప్పుడూ అనలేదు.

చివర్లో అమ్మ "మీదే ఊరమ్మా?" అంది. ఆవిడ రూలు ప్రకారం దాన్నీ ఇంగ్లీషులో కౌన్సెలర్‌కి వినిపించి, "సొంత విషయాలు చెప్పకూడదండీ" అన్నారు. గొంతు మాత్రం బొంగురుపోయింది. కారెక్కాక ఏడ్చాను.

ఒక మాట అనకుండా ఉండలేను. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి, 1964 పౌర హక్కుల చట్టం కిందే. ముందు వెళ్ళిన చోట ఇండియన్ అనగానే హిందీ మనిషిని కలిపారు. అమ్మకి అచ్ఛా తప్ప ముక్క రాదు. తర్వాత "మీరే చెప్పేయండి" అన్నారు నన్ను. కూతురింట్లో ఉండలేకపోతున్నానని ఏ తల్లి కూతురి నోటితోనే చెప్పిస్తుంది? రోగి సంస్కృతి గురించి అడగాల్సిన 16 ప్రశ్నలు 2013లోనే డీఎస్ఎం-5లో, అంటే ఇక్కడి మానసిక వైద్యులు జబ్బులు గుర్తించడానికి వాడే పుస్తకంలో, పెట్టారు. అడిగే తీరిక ఎవరికి?

మావారికి, తమ్ముడికి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు. పిన్ని ఇండియాలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి, అమ్మతో ఎలా మాట్లాడాలో తెలుగులోనే కనుక్కుని చెప్పింది.

అయ్యో, మర్చిపోయా: తెలుగే కావాలని పట్టుబట్టి లైన్లో వేచి ఉన్న రిసెప్షన్ అమ్మాయికి, పిల్లల్ని స్కూల్నుంచి తెచ్చిన పక్కింటి గుజరాతీ ఆంటీకి కూడా దండాలు. రాత్రి గుమ్మంలో పప్పుచారు పెట్టి బెల్ కొట్టకుండా వెళ్ళిందెవరో చెప్పండి, క్యారేజీ తిరిగివ్వాలి.