బుజ్జమ్మ మొప్పల మీద చుక్కలు

విల్లివాక్కం, చెన్నై
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఫొటోలు నాలుగూ చూశాను. మూడింట్లో నీ బొటనవేలే ఉంది, చేప లేదు. నాలుగోదాన్ని పెద్దది చేసి, మీ చెల్లెలి కళ్లజోడు కూడా పెట్టుకుని చూస్తే తోక మీద చుక్కలు కనిపించాయి. "నువ్వప్పుడు పోసిన నీలం మందు పేరు చెప్పు, రేపే తెచ్చి పోస్తా" అన్నావు. పోయకు. ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ఫోన్లో చెప్తే సగం విని "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆ నీలం మందు కథ నీకు సగమే చెప్పాను. మిగతాది పరువు పోతుందని మింగేశాను. ఇప్పుడు చెప్పక తప్పదు.

సంక్రాంతి అయిన రెండో వారం. పొద్దున్నే మా రెండు గోల్డ్ ఫిష్‌లకి, బుజ్జమ్మకీ గుండుకీ, మేత వేస్తుంటే బుజ్జమ్మ మొప్ప డిప్పల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. బొంబాయి రవ్వ చల్లినట్టు, సన్నగా, గుండ్రంగా. రెండో పక్కా అంతే. దానికి తోడు బుజ్జమ్మ రెండ్రోజులుగా గుండుని తొట్టంతా తరుముతోంది, వెనక నుంచి పొట్టలో పొడుస్తోంది. ఫోన్లో చూస్తే తెల్లచుక్కల జబ్బు అని, వారంలో తొట్టి మొత్తం ఖాళీ అవుతుందని ఉంది. ఆ రోజు ఆఫీసుకి లీవు పెట్టాను. మా నాన్నకి జ్వరం వచ్చినప్పుడు కూడా మధ్యాహ్నానికి వెళ్లానురా, ఆ సంగతి మీ చెల్లెలు ఇంకా మర్చిపోలేదు.

వీధి చివర ఒక చిన్న షాపు ఉంది. ఫొటో చూపించాను. అతను ఫొటో వైపు సరిగా చూడను కూడా లేదు, నీలం సీసా తీసి కౌంటర్ మీద పెట్టాడు. మిథిలిన్ బ్లూ. ఇంటికొచ్చి లుంగీ ఎగ్గట్టి పనిలోకి దిగాను. తొట్టిలో 120 లీటర్లూ తోడి పారబోశాను. గులకరాళ్లు బకెట్లో వేసి బియ్యం కడిగినట్టు కడిగాను. ఫిల్టర్ స్పాంజి గోధుమరంగు బురదగా ఉంటే కుళాయి కింద పెట్టి, పిండి పిండి, కొత్తదానిలా చేశాను. పంపు నీళ్లు నింపి, క్లోరిన్ పోయే చుక్కలు వేసి, పైన సీసాడు మందులో పావు వంతు ఒంపాను. తొట్టి చాకలి నీలిమందు కలిపిన బకెట్లా తయారైంది. చాలా తృప్తిగా కాఫీ తాగాను.

మూడో రోజుకి రెండు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. మొప్పల అంచులు ఎర్రగా కందిపోయాయి. నాకేమనిపించింది చెప్పు? జబ్బు ముదిరిందనిపించింది. ఇంకాస్త మందు పోశాను.

ఆ సాయంత్రం మీ చెల్లెలే అంది, "జబ్బు చేసిందన్న రోజు పొద్దున అది నా చేతి దగ్గరకొచ్చి మేత తిన్నది కదండీ. మందు పోశాకే కదా మానేసింది?" అని. నేను వినలేదు. పాప ఏడుపు మొదలెట్టేసరికి మాత్రం లేచాను. మూత ఉన్న పెయింట్ బకెట్లో బుజ్జమ్మని వేసుకుని, ఒక బాటిల్లో తొట్టి నీళ్లు పట్టుకుని, బకెట్ కాళ్ల మధ్య పెట్టుకుని స్కూటర్ మీద కొళత్తూరు బయల్దేరాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా లోపల్నుంచి టప్ మని చప్పుడు.

కొళత్తూరు నువ్వు చూడాలిరా. రంగు చేపల బేరానికి దేశంలోనే పేరున్న చోటు. చుట్టుపక్కల పెంచేవాళ్ల దగ్గర్నుంచి సరుకు ఇక్కడికొచ్చి, ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో ఎక్కడెక్కడికో పోతుంది. నీ నెల్లూరు షాపుకి వచ్చేవీ ఇక్కడివే అయినా నేను ఆశ్చర్యపోను. అక్కడ ఒక సందులో, కళ్లజోడుకి దారం కట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. బకెట్ మూత తీసి రెండు నిమిషాలు మాట్లాడకుండా చూశాడు. అరచెయ్యి తడిపి, చేపని మెల్లగా పట్టుకుని, పక్క రెక్క మొదటి ముల్లు మీద వేలు రాశాడు. నన్నూ రాయమన్నాడు. సన్నటి ఆకురాయిలా గరగరలాడింది. అప్పుడు నవ్వి అన్నాడు, "ఇదు వియాది ఇల్ల సార్, ఇదు ఆంబళ!"

జబ్బు కాదట బావా. మగవాడట!

గోల్డ్ ఫిష్ మగదానికి జోడీ కట్టే కాలంలో మొప్ప డిప్పల మీదా, పక్క రెక్కల ముందు ముల్లు మీదా ఇలాంటి తెల్ల బొడిపెలు వస్తాయట. ఆడదాన్ని తరమడం, పొట్టలో పొడవడం కూడా అందుకేనట. అంటే మూడేళ్లుగా మేం బుజ్జమ్మ అని పిలుస్తున్నది బుజ్జయ్య. గుండు ఆడది. నిండు ఆరోగ్యంతో ఈడొచ్చిన వాడికి నేను తెల్లచుక్కల వైద్యం చేశాను.

"మరి ఇప్పుడు చచ్చిపోయేలా ఉంది కదా" అన్నాను. ఆయన బాటిల్ మూత తీసి వాసన చూశాడు. నీలం నీళ్లతో పరీక్ష చేస్తే రంగు మోసం చేస్తుందని, గరాటులో దూది పెట్టి, దాని మీద ఫిల్టర్ బొగ్గు పోసి, ఆ నీళ్లని నాలుగైదు సార్లు వడగట్టాడు. నీలం బొగ్గులో ఉండిపోయింది, నీళ్లు తెల్లగా దిగాయి. బొగ్గు రంగుని పట్టుకుంటుందిగానీ అమ్మోనియాని వదిలేస్తుందట, కాబట్టి లెక్క తప్పదు. ఆ నీళ్లు 5 మిల్లీలీటర్లు గాజు గొట్టంలో పోసి, రెండు సీసాల్లోంచి చుక్కలు వేసి, ఊపి పక్కన పెట్టాడు. పసుపుగా ఉంటే అమ్మోనియా లేనట్టు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మామిడాకు రంగు. కార్డు పక్కన పెడితే లీటరుకి 2 మిల్లీగ్రాములు. నాకు టెన్త్ లెక్కల పేపర్ వెనక్కి ఇచ్చిన రోజు గుర్తొచ్చింది.

విషయం ఏమిటంటే, చేప మొప్పల్లోంచి అమ్మోనియా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. మిగిలిన మేత, రెట్ట కుళ్లినా అదే. ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద బతికే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషం, మూడోది అంత ప్రమాదం కాదు. ఈ ఏర్పాటు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను కుళాయి కింద పిండి పారబోసిన గోధుమరంగు బురద అదే. క్లోరిన్ నీళ్లకి చచ్చింది చావగా, మిగిలినదాన్ని మిథిలిన్ బ్లూ చూసుకుంది. పైగా మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లు కలుస్తాయి, పీహెచ్ 8 దాకా ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి వస్తే అమ్మోనియాలో విషంగా మారే వంతు దాదాపు పదింతలవుతుంది. (ఇక్కడి కుళాయిల్లో వచ్చే మెట్రో నీళ్లలో మీ కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి ఈ పాపంలో నీ జిల్లాకీ కాస్త వాటా ఉంది.)

ఆయన చెప్పిన వైద్యంలో మందు లేదు. వెళ్లగానే సగం నీళ్లు మార్చాను. తర్వాత వారం రోజులూ రోజుకి పావు వంతు, క్లోరిన్ తీసేసి, చేత్తో చూసి అదే వేడి ఉన్న నీళ్లు. మూడు రోజులు మేత బంద్. గోల్డ్ ఫిష్‌కి అసలు కడుపు సంచే ఉండదు, తిన్నది తిన్నట్టు పేగులోకి పోతుంది, అందుకే ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టు చూస్తుంది. ఫిల్టర్లో బొగ్గు పెట్టి నీలం లాగేశాను. ఆయన తన పాత తొట్టి ఫిల్టర్లోంచి ఆ బ్యాక్టీరియా పట్టిన పింగాణీ రింగులు గుప్పెడు తడితడిగా సంచిలో వేసిచ్చాడు, మా అమ్మ పక్కింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్టు. వేరే తొట్టి నుంచి ఏది తెచ్చినా దాని జబ్బులూ వెంట రావొచ్చని కూడా ఆయనే హెచ్చరించాడు, కానీ నాకప్పుడు వేరే దారి లేదు. అమ్మోనియా తగ్గుతుండగా నైట్రైట్ పెరిగింది. దానికి లీటరుకి ఒక గ్రాము చొప్పున 120 గ్రాముల కల్లుప్పు. ఉప్పులోని క్లోరైడ్ ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి లోపలికి అంతగా పోలేదట.

పదో రోజున తోక అంచులు నల్లబడ్డాయి. మళ్లీ గుండె జారింది. ఈసారి సీసా జోలికి పోలేదు, ఫోన్ చేశాను. అమ్మోనియా కాల్చిన చోట మానుతుంటే అలా నలుపు వస్తుందట. మూడు వారాల్లో పోయింది. తొట్టి మూలల్లో సిలికాన్ మాత్రం ఇప్పటికీ లేత నీలమే. నా లుంగీ కూడా.

ఇక నీ చేప సంగతి. నీది జబ్బే, బావా. ఎందుకంటున్నానంటే చుక్కలు తోక మీద, వీపు రెక్క మీద, ఒంటి మీద చిందరవందరగా ఉన్నాయి. నిన్న లేనిచోట ఇవాళ ఉన్నాయన్నావు. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోందన్నావు. మా వాడి బొడిపెలు రోజులు గడిచినా ఉన్నచోటే ఉన్నాయి, వాడు ఒక్కసారి కూడా రుద్దుకోలేదు. పైగా పోయినవారం కొత్త చేపని సంచిలోంచి సరాసరి తొట్టిలోకి వదిలావు. కనీసం రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచాలిరా. అయిందేదో అయింది.

ఆ చుక్క చేప చర్మం కింద కూర్చున్న పరాన్నజీవి. అక్కడుండగా ఏ మందూ దాన్ని తాకదు. బలిసి రాలిపోయి, తొట్టి అడుగున గూడు కట్టుకుని, ఒకటి వందలుగా చీలుతుంది. ఆ పిల్లలు చేపని వెతుక్కుంటూ ఈదే ఒకట్రెండు రోజులే మనకి చిక్కేది. అందుకే చుక్కలు మాయమయ్యాయని ఆపేస్తే వారంలో మళ్లీ వస్తాయి. నీళ్లు వేడెక్కితే ఈ చక్రం తొందరగా తిరుగుతుంది. చిన్న హీటర్ పెట్టి నెమ్మదిగా, పూటకో డిగ్రీ చొప్పున, 30కి తే. ఏప్రిల్ దాటితే మన ఊళ్లలో హీటర్ కూడా దండగే. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, ఎయిర్ పంపు రాత్రి కూడా ఆపకు, కరెంటు బిల్లు గురించి చెల్లెమ్మకి నేను చెప్తా.

నీది రెండడుగుల తొట్టి, రాళ్లు పోను 50 లీటర్లు అనుకో. లీటరుకి 2 గ్రాముల లెక్కన 100 గ్రాముల కల్లుప్పు మగ్గులో కరిగించి, ఒకటిన్నర రోజులో మూడు దఫాలుగా కలుపు. మొక్కలుంటే ముందే తీసెయ్, ఉప్పుకి మాడిపోతాయి. రోజూ గొట్టంతో అడుగున ఉన్న చెత్త లాగి 10 లీటర్లు మార్చు, మార్చిన నీళ్లకి 20 గ్రాములే కలుపు. ఉప్పు ఆవిరవదు, మళ్లీ 100 వేశావంటే ఊరగాయే. రెండు వారాలు ఇలా చెయ్యి, మధ్యలో ఆపకు. అమ్మోనియా కిట్ ఒకటి కొను. స్పాంజి మురికైతే తొట్టిలోంచి తీసిన ఉప్పు నీళ్లలోనే ముంచి పిండు, కుళాయి దగ్గరకి మాత్రం తీసుకెళ్లకు. అయిదు రోజులకీ కొత్త చుక్కలు వస్తూనే ఉంటే ఫోన్ చెయ్యి, అప్పుడు మందు సంగతి ఆలోచిద్దాం.

అన్నట్టు అసలు వార్త మర్చిపోయా. అన్ని రోజులు కొత్త నీళ్లు పోసిన ప్రభావమో ఏమో, మొన్న తెల్లారగట్ల బుజ్జయ్య గుండుని తరిమి తరిమి, తొట్టిలో మొక్కల నిండా గుడ్లు పెట్టించాడు. చిన్న సగ్గుబియ్యం గింజల్లా ఉన్నాయి. మేం లేచేసరికి ఇద్దరూ కలిసి సగం తినేశారు. పాప ఒక కొమ్మ తెంపి టబ్బులో వేసి కాపాడింది. ఇవాళ చూస్తే కొన్ని గుడ్లకి బూజు పట్టింది. పెద్దాయనకి ఫోన్ చేస్తే ఏం వెయ్యమన్నాడో తెలుసా? మిథిలిన్ బ్లూ. నీళ్లు లేతగా నీలం తిరిగేంత, అంతే.

అటక మీద దాచిన సీసా ఇప్పుడే దించాను. చుక్కలు పాపే లెక్కపెట్టి వేస్తుందట, నన్ను ముట్టుకోవద్దంది. మీ చెల్లెలు ఆ పాత లుంగీ తెచ్చి నా ఒళ్లో పడేసి వెళ్లింది.

ఇట్లు,
నీ మద్రాసోడు