ఏప్రిల్ వార్తాలేఖ: తొమ్మిదో తరగతి అమ్మాయి చెప్పిన మాట గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు,

పునరుత్థాన పండుగ శుభాకాంక్షలు. మామూలుగా ఏప్రిల్ లేఖలో పరీక్షలు, బస్సు ఫీజు బకాయిలు, సెలవుల సంగతులు ఉంటాయి. అవి చివర్లో రాస్తాను. ముందు ఈస్టర్ సోమవారం అసెంబ్లీ గురించి మాట్లాడుకోవాలి. ఎలాగూ మీరందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. రాత్రి పదకొండు దాటాక కూడా తరగతి గ్రూపుల్లో సందేశాలు వస్తూనే ఉన్నాయని మా ఉపాధ్యాయులు చెబుతున్నారు. పిల్లల చదువు మీద మీకున్న శ్రద్ధకు సంతోషం. ఆ వేళకు పిల్లలైనా నిద్రపోయి ఉంటారని ఆశిస్తున్నాను.

రాలేకపోయిన వారి కోసం జరిగింది జరిగినట్టు చెబుతాను. ముందుగా ఆరో తరగతి పిల్లలు యోహాను సువార్త 21వ అధ్యాయాన్ని నాటికగా వేశారు. ఏం చేయాలో తోచని పేతురు చేపలు పట్టడానికి పోతున్నానంటూ పాత పనికి వెళ్ళిపోవడం, రాత్రంతా వల వేసినా ఏమీ పడకపోవడం, తెల్లవారేసరికి యేసు ఒడ్డున నిప్పులు రాజేసి రొట్టె, చేప సిద్ధం చేసి భోజనానికి రమ్మనడం, ఇదీ కథ. పేతురు పై బట్ట చుట్టుకుని సముద్రంలోకి దూకే ఘట్టంలో మా పేతురు నిజంగానే వేదిక మీద నుంచి మొదటి వరుస మీదికి దూకేశాడు. ఒకటో తరగతి పిల్లలు ఇద్దరు కాసేపు ఏడ్చారు కానీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. వలలో 153 చేపలు పడ్డాయని గ్రంథంలో ఉంది కాబట్టి పాత క్యాలెండర్లు కత్తిరించి సరిగ్గా అన్ని కాగితం చేపలు చేశారు. "అన్నిటినీ ఎవరు లెక్కపెట్టారు టీచర్?" అని ఒక పాప అడిగింది. నేను నోరు తెరిచేలోపే చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్లవాడు, "అమ్ముకునేవాళ్ళు లెక్కపెట్టకుండా ఉంటారా?" అన్నాడు. ఆ సంఖ్య మీద పండితులు ఎన్నెన్నో వ్యాఖ్యానాలు రాశారు. నాకు మాత్రం వాటన్నిటికంటే ఈ జవాబే నచ్చింది.

ఆ తర్వాత పై తరగతుల పిల్లలు కొందరు 'నా పిలుపు', అంటే దేవుడు నన్ను ఏ పనికి పిలుస్తున్నాడు అనే విషయం మీద మాట్లాడారు. ఏం చెప్పాలో మేము రాసివ్వలేదు, దిద్దలేదు. ఒక అబ్బాయి మిర్చి యార్డులో నాన్న వ్యాపారం చూసుకుంటానన్నాడు. ఒకమ్మాయి జడ్జీ అవుతానంది, అన్నట్టే గంభీరంగా అంది. చివరగా తొమ్మిదో తరగతిలో మొదటి స్థానంలో ఉన్న అమ్మాయి లేచింది. వాళ్ళ అమ్మానాన్నల అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. నిరుడు వానాకాలంలో ఆమె నాయనమ్మకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉంటే, సెలవు రోజుల్లో రాత్రి తోడు ఈ పిల్లా, వాళ్ళమ్మే. డాక్టరు గారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి వెళ్ళేవారట. రాత్రి డ్యూటీ నర్సు మాత్రం రెండు గంటలకొకసారి వచ్చి, వీపు మీద పుండ్లు పడకుండా పెద్దావిడను పక్కకు తిప్పేదట. ఒంటి కింద అడ్డంగా పరిచిన దుప్పటి అంచులను చుట్ట చుట్టి, అటొకరు ఇటొకరు పట్టుకుని, ఒకటి రెండు మూడు అని ఒక్కసారిగా కదిలిస్తే చర్మం ఒరుసుకోదని ఆ నర్సే నేర్పిందట. దుప్పటి అంచు ఎలా చుట్టాలో వేదిక మీద రెండు చేతులతో చేసి చూపించింది. "నేను నర్సు అవుతాను" అని చెప్పి, దిగి వెళ్ళి తన వరుసలో కూర్చుంది.

జరిగింది ఇంతే. సాయంత్రానికల్లా గ్రూపులు వేడెక్కాయి. మొదటి ర్యాంకు పిల్ల చేత ఇలాగా చెప్పించడం అని కొందరు, సేవ సేవ అంటూ తెలివైన పిల్లలను చెడగొడుతున్నారని కొందరు. కనీసం డాక్టరు అవుతానని చెప్పమని టీచర్లు దిద్ది ఉండవలసిందని మరొకరి సలహా. ఒకరు నాకు ఫోను చేసి తమ పాపను ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టవద్దని కోరారు. నర్సు కావాలన్న కోరిక అంటువ్యాధి కాదని మనవి చేశాను. ఇంతకీ ఆ అమ్మాయి అమ్మానాన్నలు మాత్రం ఫోను చేయలేదు. నేనే చేస్తే, "దాని ఇష్టం మేడం, ముందు పదో తరగతి గట్టెక్కనివ్వండి" అన్నారు. కందకూ కత్తిపీటకూ సంబంధించిన సామెత మీ అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

మన బడిలో అన్ని మతాల పిల్లలూ చదువుతున్నారు. 'పిలుపు' అనగానే పిల్లలను పాస్టర్లుగానో కన్యస్త్రీలుగానో మార్చే ప్రయత్నమని కొందరు హిందూ, ముస్లిం తల్లిదండ్రులు కంగారు పడ్డారట. ఆ కంగారు నాకు అర్థమవుతుంది, అలాంటిదేమీ లేదు. తమాషా ఏమిటంటే క్రైస్తవ కుటుంబాల్లోనూ చాలామంది పిలుపు అంటే పాస్టరు గారికి మాత్రమే వచ్చేదనుకుంటారు. పౌలు గుడారాలు కుట్టుకుంటూ బతికాడు. పేతురు చేతిలో ఉన్నది వల. దేవుడు పిలిచేటప్పుడు మనిషి ఏ పనిలో ఉన్నాడని చూస్తాడే తప్ప ఏ ర్యాంకులో ఉన్నాడని చూసినట్టు నేనెక్కడా చదవలేదు.

ఈస్టర్ ఉదయాన్నే తీసుకోండి. అపొస్తలులు భయంతో తలుపులు వేసుకుని ఉన్నారు. తెల్లవారుజామున సమాధి దగ్గరికి బయలుదేరినది ముగ్గురు స్త్రీలని మార్కు రాశాడు: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. దేనికోసం వెళ్ళారు? అద్భుతం చూడటానికి కాదు. సుగంధ ద్రవ్యాలు కొని తెచ్చుకుని, ఒక మృతదేహానికి చేయవలసిన పరిచర్య చేయడానికి వెళ్ళారు. ఒళ్ళు తుడిచే పని, పూత పూసే పని. ఆ రోజుల్లోనూ దాన్ని ఎవరూ గొప్ప పని అనుకుని ఉండరు. దారిలో వారి మాటలు గమనించండి: సమాధి ద్వారం నుంచి ఆ రాయి మన కోసం ఎవరు పొర్లిస్తారు? రాయి చాలా పెద్దది, వాళ్ళ వల్ల కాదు, ఆ సంగతి వాళ్ళకు తెలుసు. అయినా వెనక్కి తిరగలేదు, జవాబు దొరికాక బయలుదేరుదామని ఇంట్లో కూర్చోలేదు. లోకంలో అందరికంటే ముందు పునరుత్థాన వార్త విన్నది వాళ్ళే. మనమేమో పిల్లలు అడుగు బయట పెట్టకముందే దారిలో ఉన్న రాళ్ళన్నీ తొలగించాలని చూస్తాం. తొలగవని తెలిస్తే ఆ దారే వద్దంటాం.

మన ఊరి సంగతే చెబుతాను. ఆన్నా కుగ్లర్ అమెరికాలో వైద్య పట్టా పుచ్చుకుని 1883లో గుంటూరు వచ్చారు. ఆమెను పంపిన స్త్రీల సంఘం అప్పటికి వైద్య సేవ మొదలుపెట్టడానికి సిద్ధంగా లేదు. ఇళ్ళకు వెళ్ళి ఆడవారికి చదువు చెప్పే పని అప్పగించింది. ఆమె ఆ పనీ చేశారు, మందులూ ఇచ్చారు. ఆసుపత్రి తలుపులు తెరుచుకునేసరికి 1898 వచ్చింది. 1930లో కన్నుమూసేదాకా ఈ ఊరే ఆమె ఊరు. ఆమె పేరు మీద ఉన్న ఆసుపత్రిలో మీలోనూ కొందరు పుట్టే ఉంటారు. పుట్టగానే మిమ్మల్ని చేతుల్లోకి తీసుకుని, తుడిచి, గుడ్డలో చుట్టి అమ్మ పక్కన పడుకోబెట్టిందెవరో ఇంటికి వెళ్ళి మీ అమ్మగారిని ఒక్కసారి అడగండి.

మీ భయంలో నిజం లేదనడం లేదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ఇచ్చే జీతాలు, వరస రాత్రి డ్యూటీలు నాకు తెలుసు. మన బడిలో చదివి నర్సులైన వారు వచ్చి నా దగ్గర కూర్చుని చెప్పుకున్నవే. అది ఆ పనికి మనం ఇచ్చే విలువలో ఉన్న లోపం. పని చేస్తానన్న పిల్లలో లోపం కాదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ చదువు. మనకు కూతవేటు దూరంలో ఉన్న మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ కావాలంటే దేశవ్యాప్తంగా జరిగే నార్‌సెట్ పరీక్ష నెగ్గాలి. ఇది చెప్పగానే కొందరి ముఖాలు విప్పారుతాయని తెలుసు కాబట్టే చెప్పడానికి మనసొప్పలేదు. పరీక్ష కష్టమైతేనే పనికి గౌరవమా?

అదే నాటికలో ఇంకొక చిన్న సంభాషణ ఉంది. గ్రూపుల్లో ఉన్నవారందరూ దాన్ని చదవాలని నా కోరిక. యేసు పేతురును మూడుసార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి, తన గొర్రెలను కాయమని పని అప్పగిస్తాడు. అంత పెద్ద బాధ్యత చేతికందిన వెంటనే పేతురు ఏం చేశాడు? వెనక్కి తిరిగి, వెంట వస్తున్న మరో శిష్యుణ్ణి చూసి, ప్రభువా, మరి ఇతని సంగతేమిటి అన్నాడు. యేసు ఇచ్చిన జవాబు కాస్త కటువుగానే ఉంటుంది: అది నీకేమి? నీవు నన్ను వెంబడించు. పక్కింటి పిల్లవాడికి ఎన్ని మార్కులు, ఎదురింటి అమ్మాయి ఏ కాలేజీలో చేరుతోంది, తొమ్మిదో తరగతి అమ్మాయి నర్సు కావచ్చా కాకూడదా. ఇక నేను పొడిగించను.

శుక్రవారం చివరి పీరియడు గురించి కూడా ఫిర్యాదులు వచ్చాయి. అవును, ఆ పీరియడులో మేము ఏమీ చెప్పం. పుస్తకం లేదు, పరీక్ష లేదు, పాట లేదు. వేప చెట్టు కింద కూర్చోవచ్చు, ఆకాశం చూడవచ్చు, చీమల బారు చూడవచ్చు. మాట్లాడకూడదు, అంతే. దాన్ని 'వృథా పీరియడు' అంటున్నారని విన్నాను. నేను ఈ బడిలో ఉన్నంతకాలం ఆ పీరియడు ఉంటుంది. గణితం టీచరు అడిగినా ఇవ్వలేదు, సిలబస్ పూర్తి కాలేదన్నా ఇవ్వలేదు, ఇవ్వను. తెల్లవారుజామున లేపి చదివిస్తారు, బడి కాగానే ట్యూషన్, ట్యూషన్ కాగానే ఫౌండేషన్ కోర్సు, అన్నం తినేటప్పుడు ఫోను, పడుకునే ముందు మళ్ళీ ఫోను. ఇందులో ఆ పిల్ల తన మనసులో మాట ఎప్పుడు వింటుంది? బాలుడైన సమూయేలు రాత్రి పడుకుని ఉండగా తనను ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు విన్నాడు. ముసలి యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అన్నాడు ఏలీ. మూడోసారికి గానీ ఆయనకు అర్థం కాలేదు, పిలిచింది దేవుడని. అప్పుడు ఏలీ చేసినదేమిటి? నువ్వు ఫలానా అవ్వాలి అనలేదు. మళ్ళీ పిలుపు వస్తే, నీ దాసుడు ఆలకిస్తున్నాడు, చెప్పమని అడుగు అన్నాడు. సొంత కొడుకులను అదుపులో పెట్టలేకపోయిన ఏలీ ఈ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాడు. అర్ధరాత్రి పిల్లవాడు మూడుసార్లు లేపినా విసుక్కోలేదు కూడా. ఆ ఇంట్లో టీవీ మోగుతూ ఉంటే సమూయేలుకు ఏమి వినపడేది?

తొందరా అక్కర్లేదు. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ పాదిరి యాభై దాటాక వైద్యం చదివి పట్టా తెచ్చుకున్నాడు. 76 ఏళ్ళ వయసులో మూడోసారి ఓడెక్కి మళ్ళీ తెలుగు నేలకు వచ్చాడు. పద్నాలుగేళ్ళ పిల్ల రేపు మనసు మార్చుకోనూ వచ్చు, అది వేరే సంగతి. ఆరో తరగతి పిల్లవాడి చేత ఐఐటీ అని రాయించిన బ్యానరు ఇంట్లో గోడకు అతికించిన వారు కూడా ఈ మాట గుర్తుంచుకుంటే బాగుంటుంది.

వరండాలో ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు ఆ అమ్మాయిని "సిస్టర్, సిస్టర్" అని వెక్కిరించారని తెలిసింది. తను వెనక్కి తిరిగి, "ఎవరికి ఇంజెక్షన్ కావాలి?" అందట. ఆ అబ్బాయిలతో నేను మాట్లాడాను. ఈ వెక్కిరింత బడిలో పుట్టినది కాదని, ఇంట్లో భోజనాల దగ్గర విన్నదేనని వాళ్ళ మాటల్లోనే తేలింది. దయచేసి గమనించగలరు.

ఇక మిగిలినవి. వార్షిక పరీక్షల టైంటేబుల్ డైరీలో అతికించాం, సంతకం చేసి పంపండి. 14న అంబేద్కర్ జయంతి సెలవు, 23 చివరి పని దినం, జూన్ 12న బడి తెరుస్తాం. ఒంటిపూట బడి పన్నెండున్నరకు వదులుతాం. ఒంటి గంటన్నరకు వచ్చి పిల్లలను తీసుకువెళ్ళేవారు వాచ్‌మన్‌కు కూడా ఆకలి వేస్తుందని గుర్తించాలి. శంకర్ విలాస్ వంతెన పనుల వల్ల బస్సులు ఆలస్యమవుతున్నాయి, డ్రైవరు మీద కేకలు వేయవద్దు. నీళ్ళ సీసా తప్పనిసరి, చల్లని కూల్‌డ్రింక్ సీసా నీళ్ళ సీసా కాదు. కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు మన గేటు దగ్గర కరపత్రాలు పంచడానికి అనుమతి లేదు, వారికి మీ ఫోను నంబర్లు ఇస్తున్నది మేము కాదు. సైన్సు ప్రాజెక్టులు పిల్లలే చేయాలి. ఐదో తరగతి పాప తెచ్చిన అగ్నిపర్వతం మీద దుకాణం ధర చీటీ ఇంకా ఉంది.

వచ్చే శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు తొమ్మిది, పదో తరగతుల తల్లిదండ్రుల సమావేశం. మన పూర్వ విద్యార్థిని ఒకరు వస్తున్నారు, ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా పని చేస్తున్నారు. జీతం, రాత్రి డ్యూటీలు, పెళ్ళి సంబంధాలు, ఏది అడగాలన్నా ఆమెనే నేరుగా అడగండి, గ్రూపులో వద్దు. నాన్నలు కూడా రావాలి. ఫోన్లు వేయడానికి హాలు తలుపు దగ్గర బుట్ట పెడుతున్నాం.

వందనాలతో,
మీ ప్రధానోపాధ్యాయిని